ధార ఎలా ఉంది?

పొద్దున్నే మొహం కడుక్కోవడానికి వెళ్లిన మాస్టారు ముందు కుళాయిని సన్నగా తిప్పి, కింద బకెట్ పెట్టి, బ్రష్ చేత్తో పట్టుకుని ఆ ధారనే చూస్తూ నిలబడిపోయేవారు. పారే నీరు కనబడితే ఆయన కాలు కదలదు. ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన చెప్పేది ప్రవాహాల పాఠమే కాబట్టి అది ఉద్యోగధర్మమని సరిపెట్టుకోవచ్చు. ఆయన భార్య సరిపెట్టుకోలేదు.

"మొదటి బకెట్ నిండింది. రెండోది తెచ్చాను. మొహం ఇవాళే కడుగుతారా?"

"ఒక్క నిమిషం. ధార ఇప్పుడే కుదురుకుంది."

ఆ బకెట్ల పుణ్యమా అని పెరట్లో మొక్కలు మాత్రం ఏపుగా ఉండేవి.

ఒకసారి వంటింటి కుళాయి కారుతోందని ఆవిడ ప్లంబర్‌ని పిలిపిస్తే, మాస్టారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"రేపు రా నాయనా. చుక్కకీ చుక్కకీ మధ్య ఎంతసేపో ఇంకా లెక్క తేలలేదు."

"వాషర్ వేస్తే ఇక లెక్కే ఉండదు సార్!"

"అదేగా నా బాధ!"

ఆయన క్లాసులో నోట్లో నాలుక లేని పిల్ల ఒకతె ఉండేది. పుస్తకమంతా కంఠతా వచ్చు. కానీ మౌఖిక పరీక్షలో ఎదురుగా కూర్చున్నవాళ్లని చూస్తే మాట పెగిలేది కాదు. అలా రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే కాలేజీ వదిలి ఇంటికి పోవాల్సిందే.

ఆ సంవత్సరమే మాస్టారి పిచ్చి ముదిరింది. మధ్యాహ్నం భోజనాల వేళ ల్యాబ్ సింకు దగ్గర కాపు కాసి, చేతులు కడుక్కునే ప్రతివాణ్ణీ పట్టుకునేవారు.

"ధార ఎలా ఉంది?"

"చల్లగా ఉంది సార్."

ప్రిన్సిపాల్ గారినీ వదల్లేదు. ఆయన పాపం కాసేపు ఆలోచించి, "తడిగా ఉందండీ" అన్నారు.

ఆ పిల్ల వంతూ వచ్చింది. "బాగుంది సార్" అని గొణిగింది.

"బాగుంటే చాలదమ్మా. పైన లావా, కింద లావా?"

"పైన సార్."

"ఎందుకు?"

మర్నాడు జవాబు సిద్ధం చేసుకుని వచ్చింది. ఆ మర్నాడు ఇంకోటి. మూడు నెలలు తిరిగేసరికి ఆయన్నే దబాయించింది. "ఎక్కువ తిప్పేశారు సార్! అద్దంలా ఉన్న ధార కాస్తా గజిబిజి అయిపోయింది చూడండి!"

పరీక్ష రోజున ల్యాబ్‌లో, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ కళ్లజోడు సవరించుకుని, "కంటిన్యుటీ ఈక్వేషన్ అంటే ఏమిటమ్మా?" అన్నారు. పిల్ల బిగుసుకుపోయింది. ఆయన పెన్ను మార్కుల కాగితం మీదికి వంగింది.

మూలన ఉన్న మాస్టారు లేచి, "చేతికి గ్రీజు అంటిందండీ" అంటూ వెళ్లి సింకు కుళాయి తిప్పారు. "ధార ఎలా ఉందమ్మా?"

అలవాటైన నోరు దానంతటదే తెరుచుకుంది. "పైన లావు, కింద సన్నం సార్. పడేకొద్దీ వేగం పెరుగుతుంది. పైన ఎంత నీరు దాటితే కిందా అంతే దాటాలి కదా, అందుకని సన్నబడుతుంది. ఈక్వేషన్ చెప్పేదీ అదే!"

ఎగ్జామినర్ కుర్చీలోంచి లేచి వచ్చి, ధార మీదికి వంగారు. "అవును సుమా! ఇంకాస్త తిప్పండి మాస్టారూ."

పాసయిన రోజున పిల్ల ల్యాబ్ అటెండర్‌తో నవ్వుతూ అంది. "మాస్టారి పిచ్చి నాకు కలిసొచ్చింది."

"పిచ్చి పాతదే తల్లీ. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా, కుళాయి చూసుకోవడమే గానీ ఎవర్నీ అడిగింది లేదు. నువ్వు రెండోసారి తప్పిన మర్నాడు మొదలెట్టారు. 'ఆ పిల్ల ఒక్కదాన్నే అడిగితే బెదిరిపోతుంది, కాలేజీ మొత్తాన్నీ అడుగుదాం' అన్నారు. పాపం, ప్రిన్సిపాల్ గారు మధ్యలో తడిసిపోయారు!"

ఇప్పుడు ఆ ల్యాబ్‌లో పాఠం చెప్పేది ఆమే. మాస్టారు రిటైరయ్యారు. వాళ్ల వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది.