పిడికెడు బియ్యం ఎస్తేరు పెద్దమ్మ

సోమవారం పొద్దున మా కంటి దవాఖాన వంటింట్లో డ్రమ్ములోకి బియ్యం ఒంపితే ఆ చప్పుడు పక్కనే ఉన్న నా గదిలోకి వినిపిస్తుంది. మొదట అడుగున గలగలమంటుంది, నిండేకొద్దీ మెత్తబడుతుంది. వెంటనే గోనెసంచి వాసన, తవుడు వాసన. ఎంత పనిలో ఉన్నా నా పెన్ను ఆగిపోతుంది. ఎదురుగా కూర్చున్న పేషెంటు "ఏమైంది మేడం?" అని అడిగేదాకా నేను ఎస్తేరు పెద్దమ్మ దగ్గరే ఉంటాను.

ఆ బియ్యం కొన్నవి కావు. మా వైపు చర్చికి వెళ్లే ఇళ్లలో ఒక అలవాటుంది. పూటపూటా ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది. అది దేవుడి పిడికెడు. ఆదివారం ఆ డబ్బా చర్చికి వస్తుంది. కాశిబుగ్గలో ఉండే ఎస్తేరమ్మ అక్కడి చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. ఆ పిడికెళ్లను మా దవాఖాన దారి పట్టించింది ఆమే. కొన్ని బియ్యం పేషెంట్లకూ వాళ్ల వెంట వచ్చినవాళ్లకూ అన్నమవుతాయి. మిగిలినవి అమ్మగా వచ్చిన డబ్బు, ఖర్చు పెట్టుకోలేనివాళ్ల ఆపరేషన్లకు పోతుంది. మాది దాతల మీద నడిచే చిన్న దవాఖాన. పెద్ద పెద్ద దాతలు ఒక ఏడు ఇస్తారు, ఇంకో ఏడు మరిచిపోతారు. పిడికెడు మాత్రం ఒక్క వారం కూడా ఆగలేదు.

పెద్దమ్మ మనిషి పొట్టి. గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడేది. భర్త జంపఖానాలు నేసి నేసి ముందే పోయాడు, పిల్లల్లేరు. నేను దవాఖానలో చేరేనాటికే ఊరందరికీ పెద్దమ్మ. నేనేమో వర్ధన్నపేట దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్లను, చర్చి గడప తొక్కి ఎరగను. డిగ్రీ కాగానే ఇక్కడ కౌన్సెలర్‌గా చేరాను. ఆపరేషన్ అంటే ఏమిటో పేషెంటుకు చెప్పి, ఒప్పించి, సంతకం పెట్టించడం నా పని. కోపం నా ముక్కు మీదే ఉండేది. ఇప్పుడూ ఉంది, అబద్ధమెందుకు.

చేరిన రెండో వారం స్టోర్ చూసే ఆమె సెలవు పెడితే ఆ పని కూడా నా నెత్తిన పడింది. పెద్దమ్మ ఆటోలో తెచ్చిన సంచులు ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి. ఇన్ని సంచులు ఎందుకు, స్థలం దండగ అనుకుని అన్నీ ఒకే డ్రమ్ములోకి ఒంపించేశాను. మర్నాడు ఆ అన్నం చూడాలి! సగం ముద్ద, సగం పలుకు. కంటికి పట్టీలు వేసుకున్న ముసలివాళ్లు నమలలేక నన్ను తిట్టుకుంటున్నారు.

"ఎవలే గీ పని జేసింది?" అంటూ పెద్దమ్మ వంటింట్లోకి వచ్చింది. నేనే అన్నాను.

"దొడ్డుబియ్యం, సన్నబియ్యం, పాతయి, కొత్తయి అన్ని ఒక్క గంజుల వోస్తె ఒక్కతీరుగ ఉడుకుతయా? మీ ఇంట్ల గిట్లనే వండుకుంటరా? రైతు బిడ్డవంటివి గదనే!"

నాకు తల తీసేసినట్టయింది. కానీ ఆమె తిట్టి వెళ్లిపోయే మనిషి కాదు. గచ్చు మీద గోనె పరిచి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంటింటి బియ్యం వేరువేరుగా ఉంటాయని, రకం ప్రకారం సంచులు కట్టి తెస్తానని చెప్పింది. పాత బియ్యం వేళ్ల మధ్య ఎలా జారతాయో, కొత్తవి ఎలా అంటుకుంటాయో పట్టి చూపించింది. తల వంచి చూడను కూడా చూడదు, చేత్తో తడిమి చెప్పేస్తుంది. ఏం చెయ్యిరా నాయనా అని తెగ మెచ్చుకున్నాను.

ఆ తర్వాత శనివారాలు నన్ను వెంట తిప్పుకునేది. చర్చి ఇళ్లే కాదు, చర్చికి పోని మావాళ్ల ఇళ్లకూ వెళ్లేది. ఒకసారి ఒక గుడిసెలో ఒకామె డబ్బా తెచ్చింది. అడుగు కూడా నిండలేదు. ఆ వారం ఆమెకు కూలి దొరకలేదని మాటల్లోనే తెలిసింది. నాకు మనసొప్పలేదు. "వద్దమ్మా, మీరే ఉంచుకోండి" అన్నాను. ఆమె మొహం వాడిపోయింది. బయటికి రాగానే పెద్దమ్మ నా రెక్క పట్టుకుని ఆపింది.

"గా డబ్బా వట్టుకొని జరసేపు ఇచ్చేటామె లెక్క నిలవడ్డది. నువ్వు ఒక్క మాటతోని బిచ్చపుదాన్ని జేసినవు. పో, పోయి సంచి వట్టు."

వెనక్కి వెళ్లి సంచి పట్టాను. ఆమె డబ్బా బోర్లించి, అడుగున తట్టి మరీ పోసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

దవాఖానలో పెద్దమ్మకు ఇంకో పని ఉండేది. ఎవరూ అప్పజెప్పింది కాదు. ఆపరేషన్‌కు రాసిన పేషెంటు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. నేను "పది నిమిషాల పని, నొప్పి ఉండదు, భయపడొద్దు" అని గడగడా అప్పజెప్పి తరవాతి ఫైలు తీసేదాన్ని. ఆమె వాళ్ల కోళ్ల గురించి, అల్లుళ్ల గురించి అరగంట మాట్లాడేది. నా దగ్గర మొండికేసినవాళ్లు ఆమె దగ్గర లేచి లోపలికి నడిచేవాళ్లు. డాక్టరమ్మ వార్డులోకి వస్తుంటే మాత్రం పెద్దమ్మ లేచి వెళ్లిపోయేది. మర్యాద అనుకున్నాం. నాకు లోపల కుళ్లుగానే ఉండేది, చదువుకున్నదాన్ని నేనైతే మాట చెల్లేది ఆమెది.

ఇలా ఏళ్లు గడిచాయి. ఒక సోమవారం అన్నం మళ్లీ పాడైంది, సగం ముద్ద, సగం పలుకు. ఈసారి సంచులు కట్టింది పెద్దమ్మే, ఒక రకం సంచిలో ఇంకో రకం పోసేసింది. దొరికిందిరా అని సంబరంగా స్టోర్‌లో ఆమె కోసం కాచుకున్నాను. "పెద్దమ్మా, ఈసారి కలిపింది నేను గాదు!" అన్నాను. ఆమె నవ్వలేదు. ద్వారబంధం తడుముకుంటూ లోపలికి వస్తోంది. నాకు అనుమానం తగిలింది. చేటలో బియ్యం మీద నల్లటి రాయి ఒకటి కనబడుతుంటే ఆమె ముందు పెట్టి, ఆ రాయి తియ్యమన్నాను. "యాడుంది?" అంది, చేట వైపు కాదు, నా గొంతు వైపు చూస్తూ. ఇన్నేళ్లు కంటి దవాఖానకు తిరిగిన మనిషికి ఒక్కరమూ కన్ను పరీక్ష చేయలేదు. ఎవరో చేసే ఉంటారని అందరమూ అనుకున్నాం.

చెయ్యి పట్టుకుని బలవంతంగా లాక్కుపోయాను. రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడికంటిది బాగా ముదిరిపోయిందని, ఇంకా ఆలస్యం చేస్తే కన్ను మొత్తానికే పోతుందని, ఎడమదీ అదే దారిలో ఉందని డాక్టరమ్మ చెప్పింది. పెద్దమ్మ తల ఊపింది. చర్చిలో కోతల పండుగ కానీ అంది. అది అయ్యాక క్రిస్మస్ కానీ అంది. నాకు ఒళ్లు మండి ఒక మధ్యాహ్నం కాశిబుగ్గలో ఆమె ఇంటికే పోయి కూర్చున్నాను.

"ఊరందరిని పంపినవు. నీ దాక వచ్చేసరికి పండుగలు అడ్డమొచ్చినయా?" అని అరిచాను.

ఆమె చిన్నగా, "భయమైతాంది బిడ్డా" అంది.

నేను నమ్మలేదు. ఎస్తేరు పెద్దమ్మకు భయమా!

"మా అమ్మకు గిట్లనే పొర వచ్చింది. ఎక్కడ్నో క్యాంపు వెట్టిండ్రంటె నేనే తీస్కవోయిన. చీము వట్టి కన్ను వోయింది. సచ్చేదాక నన్ను ఒక్క మాట అనలే. గందుకే మంచి దవాఖాన ఒకటి నిలవడాలని గీ బియ్యం వట్టుకొని తిరుగుతాన. రేపు నా కన్ను గూడ గట్లయితె? నన్ను జూసినంక ఎవలొస్తరు మీ దవాఖానకు? ఎవలిస్తరు పిడికెడు?"

భయపడొద్దు అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. అంతలోనే తట్టింది. ఇన్నేళ్లలో ఆమె ఏ పేషెంటుతోనూ ఆ మాట అనగా నేను వినలేదు. ఊరికే పక్కన కూర్చునేది, అంతే. ఆ స్టూలు మీద కూర్చోవడమంటే ఏమిటో, నాకు అప్పుడు, అంత ఆలస్యంగా తెలిసింది.

"నేను గూడ లోపలికొస్త పెద్దమ్మా. అయిపోయేదాక నీ చెయ్యి ఇడువ" అన్నాను.

"నిజంగనా?" అంది, చిన్నపిల్లలా.

డాక్టరమ్మను బతిమాలి ఒప్పించాను. ఆకుపచ్చ గౌను, టోపీ వేసుకుని బల్ల పక్కన కూర్చుని, దుప్పటి కింద ఆమె చెయ్యి పట్టుకున్నాను. సూది వేసినప్పుడు నా వేళ్లు విరిగాయనుకున్నాను. "మాట్లాడవే, ఊకున్నవేంది?" అంది. గడగడా మాట్లాడే నాకు ఒక్క మాట తోచదు. చివరికి మా అమ్మ బర్రె తాడు తెంపుకుని పెళ్లి పందిట్లోకి జొరబడిన సంగతి ఎత్తుకున్నాను. ఆమె పొట్ట కదలడం మొదలైంది. "పద్మా, నవ్వించొద్దు!" అని డాక్టరమ్మ కసిరింది. మిగతా సమయమంతా ఎరువుల ధరలు చెప్పాను.

మర్నాడు పొద్దున పట్టీ తీశారు. పెద్దమ్మ కన్ను తెరవలేదు. గట్టిగా మూసుకుని కూర్చుంది. డాక్టరమ్మ చెప్పింది, నర్సు చెప్పింది. వార్డంతా లేచి చూస్తోంది.

"తెరువు పెద్దమ్మా" అన్నాను నేనూ.

"తెరువ. తెరిస్తె చీకటే ఉంటె? మూసుకుంటె ఆశన్న ఉంటది."

"సరే, నేను గూడ మూసుకుంటాన. మూడు లెక్కవెట్టి ఇద్దరం ఒక్కసారె తెరుద్దం" అన్నాను. మూసుకున్నాను. ఒకటి, రెండు అన్నాను. ఈ కన్ను కూడా పోయి ఉంటే ఈమె మొహం నేనెలా చూడను? మూడు అన్నాను. తెరిచేసరికి ఆమె అప్పటికే నన్ను చూస్తోంది. కంటి నిండా నీళ్లు, రెప్పలు కొట్టుకుంటున్నాయి. ఇంకాస్త దగ్గరికి వంగి, వేలు పెట్టి నా ముక్కు మీద తాకింది.

"ముక్కుపుడక వెట్టుకున్నవా? ఎన్నడు వెట్టుకున్నవే?"

"నాలుగేండ్లయింది పెద్దమ్మా."

నాలుగేళ్లుగా ప్రతి వారం నా ఎదురుగా కూర్చున్న మనిషి! నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గుండెల మీది బండ దిగినట్టయి ఆమె ఒళ్లో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. "కనవడ్తాందా ఎస్తేరమ్మా?" అని వార్డులో ముసలమ్మలు ఒకటే అడగడం. "కనవడ్తాంది! గీ పిల్ల మొకం గింత సక్కగుంటదని నాకెవలు జెప్పలే" అంది, అదే వీధి చివరిదాకా వినబడే గొంతుతో.

రెండు నెలలకు రెండో కన్నూ చేయించుకుంది. వంటింట్లోకి వచ్చి, గింత మురికిల వండుతాండ్రా అని అందరి ప్రాణాలూ తీసింది. నిరుడు పోయింది, పోయేదాకా రెండు కళ్లతో చూస్తూనే ఉంది. తలుచుకున్నప్పుడు బాధ కంటే ముందు ఆ సంగతే గుర్తొచ్చి ఊపిరి తేలికవుతుంది.

నేను ఇప్పుడు ఎవరికీ భయపడొద్దని చెప్పను. పోయినవారం హసన్‌పర్తి నుంచి ఒక తాత వచ్చాడు. కాగితం మీద వేలిముద్ర వేయబోయి ఆగి, "భయమైతాంది బిడ్డా" అన్నాడు. బయట లైను పెద్దగానే ఉంది. ఫైలు మూసేశాను.

"ఎందుకుండదు తాతా, ఉంటది" అన్నాను. కుర్చీ ఆయన పక్కకు లాక్కుని కూర్చున్నాను.