కాళ్లు మొక్కనివ్వని వకీలక్క

నా చిన్నప్పుడు మా మనుషులకు ఒక అలవాటుండేది. సేటు గొంతు పెంచితే చాలు, తప్పు ఎవరిదో చూసుకోకుండా ముందు కాళ్ల మీద పడేవాళ్లు. దండం పెడితే గొడవ అక్కడితో ఆగుతుందని నమ్మకం. తెలంగాణ పల్లెల నుంచి మహారాష్ట్రలోని భివండికి బట్టల మూటతో పాటు దాన్నీ మోసుకొచ్చారు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మేము భివండిలోని నాగావ్‌లో ఉండేవాళ్లం. మా నాయన ఒక తెలుగు సేటు కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాడు. బడి నుంచి రాగానే నేను అక్కడే నూలు కండెలు చుట్టేవాణ్ని. ఒక సాయంత్రం, మా ఊరివాడే, అక్కడే పనిచేసేవాడు, నేను బాబాయి అని పిలిచే మనిషి, గుడ్డ తాన్ల మూటను గుమ్మం దాకా లాగి, ఒక చెయ్యి వెయ్యమన్నాడు. మా దగ్గర పెద్దవాడు చెయ్యి వెయ్యమంటే పిల్లవాడు ఎందుకని అడగడు. ఇద్దరం కలిసి మూటను తోపుడుబండి మీదికి ఎక్కించాం. ఆయన బండి తోసుకుంటూ పోయాడు. మళ్లీ రాలేదు.

మూట ఎత్తడం చూసినవాళ్లు చెప్పారేమో, మర్నాడు సేటు నన్ను తోడుదొంగ అన్నాడు. పోలీసులకు పట్టిస్తానన్నాడు. మా పెద్దమనుషులు పరుగున పోయి రాజీ కుదుర్చుకొచ్చారు. తెల్లారి కార్ఖానాలో అందరి ముందు నేను సేటు కాళ్లు మొక్కి క్షమించమనాలి, అంతే. ఆ మాట విని మా అమ్మ సంతోషంతో ఏడ్చింది. నేనేం చేశానో మాత్రం ఆ పెద్దమనుషుల్లో ఒక్కడూ నన్ను అడగలేదు.

అడిగింది పక్కింటి అక్క. మగ్గం కార్మికుడి కూతురే, మరాఠీ బడిలో చదివి వకీలయింది. కోర్టు నుంచి వస్తూ, నల్లకోటు విప్పకుండానే మా గడపలో నిలబడి సంగతి వింది.

"కాకా, అందరి ముంగట మాఫీ అడిగితే, చేసిన అని ఒప్పుకున్నట్టే గదా! రేపు సేటు మనసు మారి పోలీస్ చౌకీకి పోతే, వీడు ఒప్పుకున్నడని కార్ఖానా మొత్తం గవాయి చెప్తది," అంది మా నాయనతో.

"గట్లని సేటుకు ఎదురు మాట్లాడుతడా బిడ్డా, పోరడు?"

"ఎదురు గాదు. ఉన్నది చెప్తడు."

ఆమె మా మంచం మీద దర్జాగా కూర్చుని, తననే సేటు అనుకోమంది. మా సేటు కోపమొస్తే హిందీలోకి దిగేవాడు. అచ్చం ఆయనలాగే "క్యా రే చోర్!" అని గర్జించింది. నేను ఠక్కున వంగి ఆమె పాదాలు పట్టుకున్నాను. లేపి మళ్లీ గర్జించింది. మళ్లీ వంగాను. చివరికి రెండు కాళ్లూ పైకి తీసుకుని చీర కింద మడిచేసుకుంది.

"ఇగ కాళ్లు లేవు. ఏం జేస్తవ్? నోటితోటి చెప్పు!"

మా అమ్మ కూడా నవ్వేసింది. ఆ నవ్వుల మధ్యే నేను మొదలుపెట్టాను. ఎవరు పిలిచారో, ఏం పట్టుకున్నానో, బండి ఎటు పోయిందో అంతా చెప్పాను. ఓపికగా వింది. చూసింది చెప్పమంది, తెలియనిది తెలియదనమంది, బాబాయి మీద కోపంతో ఒక్క మాట కూడా కలపొద్దంది. పిల్లల కేసులకు కోర్టు వేరే ఉంటుందనీ, అమ్మానాయనలు పక్కన లేకుండా ఎవరు అడిగినా జవాబు చెప్పొద్దనీ చెప్పింది.

తెల్లారి సేటు కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పెద్దమనుషులు నన్ను ముందుకు తోశారు. నా పక్కకు వచ్చి నిలబడిన అక్కను చూసి ఒకాయన, "నిన్నమొన్న కోటు తొడిగిన పోరి, మనకు చెప్పొచ్చింది," అని గొణిగాడు.

"కోటు కొత్తదే పెదనాయనా, కానూన్ పాతదే," అంది అక్క.

సేటు అరిచాడు. నేను అలవాటుగా వంగబోయాను. అక్క చెయ్యి నా భుజం మీద పడింది. నిలబడే అంతా చెప్పాను.

"మూట ఏడికి పోతదో తెలవకుంటే ఎందుకు ఎత్తినవ్ రా?"

"బాబాయి పట్టుమన్నడు సేటు. మొన్న మీరు పట్టుమన్నా గిట్లనే పట్టిన."

మగ్గాల మధ్య ఎవరో కిసుక్కుమన్నారు. బండి పోయిన దిక్కు పిల్లవాడు చెప్పాడు కదా, వెతకాల్సింది అక్కడని అక్క మర్యాదగానే చెప్పి, నన్ను ఇంటికి తీసుకొచ్చింది.

సేటు నా మీద ఫిర్యాదు పెట్టలేదు. మా నాయనను మాత్రం పనిలోంచి తీసేశాడు. గైబీ నగర్‌లో వేరే కార్ఖానా చూసుకున్నాం. కాళ్లు మొక్కితే పోయేదానికి పని పోగొట్టుకున్నారని పెద్దమనుషులు చాలాకాలం దెప్పారు. అన్నప్పుడల్లా మా నాయన, ఏనాడూ ఎదురు చెప్పనివాడు, "నా కొడుకు దొంగ గాదు" అనేవాడు.

నేను పై చదువులకు పోలేదు. దొరికిన చట్టం పుస్తకాలను కూడబలుక్కుంటూ చదువుకున్నాను. ఆమెలా వకీలును కాలేకపోయాను. మొన్న భివండి పక్కనున్న కాల్హేర్‌లో ఒక గోదాములో సామాను పోయిందని మా గల్లీ పిల్లవాణ్ని అనుమానించారు. వాడు ఏదో చెప్పబోతే తండ్రి చెయ్యెత్తాడు. "నోరు ముయ్యి! మాఫీ అడుగు ముందు!"

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. "ముందు వకీలుకు ఫోన్ చెయ్యి. ఏం జరిగిందో పోరణ్ని చెప్పనియ్యి," అన్నాను. తర్వాత వాడి పక్కన కూర్చుని చివరిదాకా విన్నాను. అక్క దగ్గర నేను నేర్చుకున్న వకాలత్ అంతే.