ఒకే చాప మీద ఇద్దరం

మొన్న మీర్‌పేట్‌లో తమ పక్కింటి పిల్లవాడికి తట్టు పోసిందని హడలిపోయి, మా కోడలు పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ఇబ్రహీంపట్నం వచ్చేసింది. ఇక్కడి దవాఖానలో నర్సమ్మ ఇంట్లో అందరి వయసులూ అడిగి, చంటిదానికి తల్లి నుంచి వచ్చిన బలం ఈపాటికి తగ్గి ఉంటుందని, తొమ్మిదో నెల నిండాకే మొదటి టీకా అని, రెండు టీకాలూ పడిన పెద్ద మనవడికి అంత భయం లేదని, చిన్నప్పుడు ఒక్కటే పడిన మా అబ్బాయి సంగతే కాస్త అనుమానమని చెప్పి, నా వైపు తిరిగి నవ్వింది.

"నీకేం ఫికర్ లేదవ్వా. మీ కాలపోళ్లకు పోసే ఉంటది. పిల్లను నువ్వే పట్టుకో."

పోసింది తల్లీ, పోయకేం. మన చిన్నతనంలో దాన్ని రోగమని ఎవరన్నారు కనుక, తల్లి వచ్చిందనేవాళ్లు. గుమ్మానికి వేపమండలు కట్టి, తాలింపులు మానేసేవాళ్లు. మా బాపు చెరువులో చేపలు పట్టేవాడు. నీసు వాసన తల్లికి గిట్టదని వలతో సహా కట్ట మీదే పడుకునేవాడు. ఒళ్లంతా ఎర్రగా పేలి నేను మూలుగుతుంటే, ఇంకా నడక రాని చెల్లెల్ని కూడా నా చాప మీదే పడుకోబెట్టమంది నాయనమ్మ.

"వచ్చిన తల్లి ఇద్దరికీ పోసిపోతే ఒక్కసారే సాగనంపొచ్చు బిడ్డా" అంది. వాడలో అందరూ చేసే పనే కాబట్టి అమ్మకూ అందులో తప్పు తోచలేదు.

నేను లేచి తిరిగేనాటికి చెల్లికీ పోసింది, దానికి మాత్రం దద్దుర్లు మాడుతుండగానే ఆయాసం పట్టుకుంది. దవాఖానకు పోతే తల్లికి కోపమొస్తుందని పెద్దలు ఆపారు. కబురంది పరుగెత్తుకొచ్చిన బాపు, అంతా అయిపోయాక కూడా, నీసు చేతులతో లోపలికి రావచ్చునా అని గుమ్మంలోనే నిలబడి అడిగాడు. ఆ అడగడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపు ఆగదు.

ఇప్పుడు గుమ్మాలకు వేపమండలు లేవు, తట్టు అంటే టీకా అంటారు, అదే మంచిది. మన వయసువాళ్లకు అది మళ్లీ రాదట. ఎందరో పోగా మిగిలినవాళ్లం కదా, ఇక మనకెందుకు వస్తుంది! అప్పుడు నాకు పోసిందనే చెల్లెల్ని నా పక్కన పడుకోబెట్టారు, ఇప్పుడు నాకు పోసిందనే ఈ పిల్లను నా ఒళ్లో పెట్టారు.

చెల్లి కూడా ఇంతే బరువుండేది.