పెడల్‌కి అతుక్కున్న కాళ్ళు

నా దగ్గరున్నది కొండలెక్కే సైకిల్. దాని మీద నేనెక్కని కొండ మా చుట్టుపక్కల లేదు. ఏలూరు పక్కన కొండలే లేవు కాబట్టి ఈ మాటలో అబద్ధం వెతకకండి. ఇంతవరకు నేనెక్కినవాటిలో ఎత్తయినది రైలు పట్టాల మీది ఫ్లైఓవర్. అదీ మొదట్లో సగం దూరం దిగి నడిపించుకుంటూ ఎక్కాను. అయినా చేపల చెరువుల గట్ల మీద తిరిగేవాడికి ఆ లావు టైర్లే కావాలి. వాన పడితే గట్టంతా జిగట మట్టి, ఎండ కాస్తే లారీ చక్రాలు తొక్కిన గాడులు.

రోజూ పొద్దున్నే వట్లూరులో బయలుదేరి కొల్లేరు వైపు యాభై కిలోమీటర్లు తొక్కుతానని అందరికీ చెబుతుంటాను. ఇరవై అనుకోండి. ఎదురుగాలి ఉంటే పదిహేను. ఎంతయినా, లెక్కల మాస్టారుగా రిటైరయ్యి షుగర్ తెచ్చుకున్న నాకు ఆ తొక్కుడే మందు. డాక్టరుగారు రిపోర్టు చూసి, "ఏం చేస్తున్నారో అదే చేస్తూ ఉండండి" అన్నారు.

చిక్కంతా పెడల్‌తో వచ్చింది. కాలు జారకుండా ఉండటానికి దానికి చిన్న చిన్న మేకులుంటాయి. చెప్పుకి జిగట మట్టి అంటుకున్న రోజు ఆ మేకులూ ఏమీ చేయలేవు. ఓ ఉదయం నా కాలు జారింది, పెడల్ గిర్రున తిరిగి మోకాలి కింద ఎముక మీద కొట్టింది. ఎముక కనిపించిందని ఊరంతా చెప్పాను. కనిపించలేదు. కానీ షుగర్ ఒళ్ళు కదా, గాయం మానడానికి మాత్రం నిజంగానే నెలలు పట్టింది. అన్నాళ్ళూ కట్టు కట్టింది మా ఆవిడే. ఆఖరి కట్టు విప్పిన రోజు ఒకే మాట అంది.

"ఇంకొక్క గాయం కనబడిందా, ఆ సైకిల్ ఇంట్లో ఉండదండీ. పాత ఇనప సామాన్ల బండి రోజూ మన వీధిలోకే వస్తుంది."

ఆవిడ హాస్యాలాడే మనిషి కాదు. ఆ హాస్యమంతా నా వాటాకే వచ్చింది.

కాలిని పెడల్‌కి అతికించేసే రకం ఒకటుందని విని, పాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. అక్కడి సైకిల్ షాపు నడిపేది ఒక నడివయసు ఆవిడ. దీన్ని క్లిప్‌లెస్ పెడల్ అంటారని చెప్పి, బల్ల మీద రెండు రకాలు పెట్టింది. బూటు అడుగున బిగించిన ఇనప ముక్కని పెడల్ నోరు కరిచి పట్టుకుంటుంది. నాకు నున్నగా మెరిసే పెద్ద రకం మీద మనసు పోయింది.

"అది రోడ్డు మీద పరుగెత్తేవాళ్ళదండీ బాబాయ్ గారూ. ఆ బూట్లతో గట్టు మీద దిగితే బాతులా నడవాలండి. కాస్త మట్టి ఇరుక్కుంటే ఇక పట్టుకోదండి."

"మరి ఇదేంటమ్మా, ఇంత చిన్నగా ఉంది?"

"మట్టిలో తిరిగేవాళ్ళకి ఇదేనండి. ఇనప ముక్క బూటు అడుగున లోపలికి ఉంటుంది, మామూలుగా నడవచ్చు. పెడల్‌కి రెండువైపులా నోళ్ళుంటాయి కాబట్టి కాలు ఎటు పడ్డా పట్టుకుంటుందండి. స్ప్రింగు బాగా వదులు చేసి ఇస్తాను. దిగాలంటే మడమ బయటికి తిప్పాలి. ఆగాక కాదండోయ్, ఆగకముందే."

"జీవితమంతా పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, మడమ తిప్పడం నేర్చుకోలేనా అమ్మా?"

"అందరూ ఒకసారి పడతారండి. పడ్డాక ఫోన్ చేయండి, స్ప్రింగు ఎలా సర్దుకోవాలో చెబుతాను."

ఇంటికొచ్చి వరండాలో కిటికీ ఊచ పట్టుకుని సాధన మొదలుపెట్టాను. తగిలిస్తే టక్, తిప్పితే టక్. బెండకాయలు తరుగుతున్న మా ఆవిడ తలెత్తకుండానే, "గుర్రానికి లాడం కొట్టించినట్టుందండీ" అంది. ముందు ఎడమ కాలు, తరవాత కుడి కాలు. కొన్నాళ్ళకి గట్టెక్కాను. ఎంత జిగట మట్టయినా కాలు జారదు. పెడల్‌ని కిందికి తొక్కడమే కాదు, పైకి లాగడమూ తెలిసింది. మోకాళ్ళకి ఇరవై ఏళ్ళు తగ్గాయి. సరే, రెండేళ్ళు.

కానీ వరండాలో నన్నెవరూ పలకరించలేదు. అసలు పరీక్ష అదేనని నాకప్పుడు తోచలేదు.

మా వైపు ఒక పద్ధతుంది. దారిలో ఎవరైనా పలకరిస్తే ఆగి, కాలు కింద పెట్టి, జవాబు చెప్పాలి. తొక్కుతూనే మాట విసిరి పోయేవాడికి పొగరంటారు. పైగా ఆ గట్ల మీదున్న రైతుల్లో సగంమంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆ ఉదయం వాళ్ళలో ఒకడు మేత బస్తా దించుతూ నన్ను చూశాడు.

"మాస్టారండీ! ఎందాకా అండీ, ఇంత పొద్దున్నే?"

బ్రేకు వేశాను. వాడి వైపు తిరిగి నవ్వాను. కాలు కింద పెట్టబోయాను. తిప్పాల్సిన మడమని పైకి లాగాను, అది రాలేదు. "ఇలా... కొల్లేరు దాకా..." అని మర్యాదగా జవాబు చెబుతూనే, నరికిన అరటి చెట్టులా పక్కకి ఒరిగి, గట్టు దిగువ బురదలో పడ్డాను. సైకిల్ నా మీదుంది, రెండు కాళ్ళూ ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నాయి.

వాడు పరుగెత్తుకొచ్చి, "కాళ్ళు వదిలేయండి మాస్టారూ!" అన్నాడు.

"అది నన్ను వదలాలిరా!"

వాడి చెరువు మోటారు నీళ్ళ కింద కడుక్కుని ఇంటికెళ్ళాను. అడ్డొచ్చిన కుక్కని కాపాడబోయి కాస్త తడిశానని మా ఆవిడకి చెప్పాను. కుక్క లేదు. ఆవిడ నా తడి బట్టలు తీసుకెళ్ళి బకెట్లో నానబెట్టింది.

సాయంత్రం వాడే కొరమీను సంచీతో మా గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మగారండీ, మాస్టారికి దెబ్బలేమైనా తగిలాయేమోనని వచ్చానండి. నేను పలకరించబట్టే కదండీ పడ్డారు!"

మా ఆవిడ నా వైపు చూసింది. "మీరు కాపాడిన కుక్క సంగతి ఇదేనాండీ?"

ఇక సైకిల్ ఇనప సామాన్ల బండి ఎక్కినట్టే అనుకున్నాను. ఆవిడ నన్ను వరండా లైటు కింద కూర్చోబెట్టి, ప్యాంటు పైకి మడిచి, రెండు కాళ్ళూ అటూ ఇటూ తిప్పి చూసింది. పాత మచ్చ ఉంది. కొత్త గీత ఒక్కటి కూడా లేదు.

"గాయం లేదు కాబట్టి ఈసారికి ఉండనీండి" అని, వాడి వైపు తిరిగింది. "కానీ రేపు మళ్ళీ ఎవరో పలకరిస్తారు, ఈయన మళ్ళీ పడతారు. మీరంతా పలకరించడం మానేయకూడదా బాబూ?"

"అదెలాగండీ అమ్మగారూ? చదువు చెప్పిన మాస్టారిని చూసి మొహం తిప్పుకుంటే ఏం బాగుంటుందండీ?"

"పోనీ, ఆపకండి."

"ఆపమండి. దూరం నుంచే కేకేస్తాం. వెళుతూనే చెయ్యూపమనండి."

"చెయ్యి తీస్తే మళ్ళీ పడతారు. తలూపితే చాలు. ఆపాల్సిన పనే ఉంటే, మడమ తిప్పమని ముందే కేకేయండి."

నన్నెవరూ అడగలేదు. నా సైకిల్ సంగతి వాళ్ళిద్దరూ తేల్చేశారు.

వాడు మేత కొట్లో చెప్పాడు, టీ కొట్లో చెప్పాడు, ఐసు లారీలవాళ్ళకీ చెప్పాడు. ఇప్పుడు ఆ దారంతా ఒకటే కేకలు. "మాస్టారండీ, ఆగకండి! వెళ్ళిపోండి!" మా వైపు పెద్దవాణ్ణి పట్టుకుని వెళ్ళిపొమ్మన్నవాళ్ళు ఇదివరకు లేరు. నా కాళ్ళ కోసం వాళ్ళు తాతల నాటి మర్యాదని తిరగేశారు. నిజంగా మాట్లాడే పనుంటే చాలా ముందు నుంచే, "మడమండీ, మడమ!" అని అరుస్తారు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళే మా పాత సైన్సు టీచరుగారు కూడా బైబిలు చంకలో పెట్టుకుని, అంత నెమ్మదస్తురాలై ఉండీ, "మాస్టారూ, మడమ!" అని కేకేస్తారు. ఇంతమంది నా మడమల గురించి ఆలోచిస్తున్నారంటే, నేను చెప్పిన లెక్కలకి అది చాలా ఎక్కువ జీతం.

సైకిల్ ఇంట్లోనే ఉంది. బూట్లకి మట్టి అంటితే మా ఆవిడే పాత బ్రష్షుతో తోమి ఎండలో పెడుతోంది. అసలు సంగతేమిటంటే, నాకిప్పుడు ఎవరి కేకా అక్కర్లేదు. మనిషి కనబడగానే మడమ తనంతట తనే తిరుగుతుంది. ఈ ముక్క వాళ్ళెవరికీ చెప్పలేదు. చెబితే కేకలు ఆగిపోతాయి. మొన్న ఐసు లారీ మీద నుంచి ఎవరో "మడమ!" అన్నారు. అప్పటికే విడిపించుకున్న కాలిని గబగబా మళ్ళీ పెడల్‌కి తగిలించి, వాళ్ళు చూస్తుండగా తిప్పి చూపించాను.