అల్లుళ్ల బంతిలో ఓబుళేసు

ఓబుళేసును మర్యాద చేసి చంపుతున్నామని ఆ శనివారం ఎవరికీ తెలియలేదు. తెలిసినా ఏం చేస్తారు? మర్యాద చేయడం తప్పని ఎవరంటారు?

బుక్కరాయసముద్రంలో చెరువుకు ఎదురుగా ఉన్న కల్యాణ మండపంలో ఆరికెల వంశం వాళ్ల కలయిక, రెండు రోజుల పండగ. కంబదూరు పక్క పల్లెలో పుట్టి అనంతపురం, బళ్లారి, బెంగళూరు అని చెల్లాచెదురైపోయిన ఆరికెల ఇంటిపేరు వాళ్లందరికీ ఒక సంఘం పెట్టింది ఈరన్న. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక ఇంట్లో కుదురుగా కూర్చోలేక ఊరూరూ తిరిగి తాతముత్తాతల పేర్లు కూడగట్టాడు. వాటిని చెట్టు బొమ్మ మీద రాయించి గోడంత ఫ్లెక్సీ కట్టించాడు. వచ్చినవాళ్లంతా ముందు తమ పేరు వెతుక్కుని, పక్కన నిలబడి సెల్ఫీ దిగి, ఆ తర్వాతే కాఫీ దగ్గరికి పోతున్నారు.

ఓబుళేసు వెతికింది మాత్రం మామ ఎర్రన్న పేరు. దొరికింది గానీ ఆ కొమ్మ అక్కడితో ఆగిపోయింది. ఎర్రన్నకు కొడుకుల్లేరు, ఒక్కతే కూతురు మారెక్క. ఈరన్న కూతుళ్లెవరినీ చెట్టెక్కించలేదు.

ఆ మారెక్కను చేసుకుని ఓబుళేసు మడకశిర దిక్కు నుంచి, మీసం సరిగా రాని వయసులో, కంబదూరుకు ఇల్లటం వచ్చాడు. ఇల్లటం వచ్చిన అల్లుడు అత్తింటికి కొడుకైపోవాలి, సేద్యం మీదేసుకోవాలి. మామా అల్లుడూ కలిసి వేసిన బోరు ఎండింది. ఇంకోటి వేశారు, అదీ ఎండింది. వాన మొహం చాటేసిన ఏడు చెనిక్కాయ చేనును పీకకుండానే గొర్రెలకు వదిలేశారు. ఎర్రన్న మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టి గంజి తాగించింది ఓబుళేసు. పోయిన నాడు గుండు కొట్టించుకుని కొరివి పెట్టిందీ అతనే. అటు పుట్టింట్లో అన్నదమ్ములు మంద పంచుకుంటూ, "నువ్వు ఆ ఇంటోడివి కదప్పా" అని ఒక్క గొర్రెపిల్లను కూడా చేతిలో పెట్టలేదు. ఓబుళేసు పోట్లాడలేదు. నిజమే, నేను ఆ ఇంటోణ్ణే కదా అనుకుని బస్సెక్కి వచ్చేశాడు.

అందుకే ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి, ఈరన్నను పిలిచి మెల్లగా అడిగాడు. ఈరన్న ఎర్రన్నకు అన్న కొడుకు, ఓబుళేసుకు బామ్మర్ది వరస.

"ఈరన్నా, రేపు పెద్దలకు పెట్టేటప్పుడు మా మామకు ఎవురు పెడ్తారు?"

"దానికి నువ్వేం యోచన చేయొద్దు బావా. చిన్నాయనకు కొడుకుల్లేరు కదా, మా వీరేష్ పెడ్తాడు. నువ్వు హాయిగా కూర్చో, అంతే."

వీరేష్ ఈరన్న కొడుకు, బెంగళూరులో ఉద్యోగం. మంచి పిల్లవాడే. ఎర్రన్నను ఫోటోలో తప్ప చూడలేదు. నేనుండాను కదప్పా అన్న మాట ఓబుళేసు గొంతు దాకా వచ్చింది. అడిగి ఇప్పించుకుంటే అది కొడుకుతనం ఎట్లా అవుతుంది? మింగేశాడు. మారెక్క వైపు చూస్తే ఆమె తల దించుకుంది.

మధ్యాహ్నం భోజనాలు. ఆరికెల వాళ్లింట్లో మొదటి నుంచీ ఒకటే పద్ధతి. ఇంటి మగవాళ్లు నడుముకు పసుపు తువ్వాలు చుట్టి వడ్డిస్తారు, అల్లుళ్లు దర్జాగా కూర్చుని తింటారు. ఈరన్న ఓబుళేసును చేయి పట్టుకుని తీసుకుపోయి అల్లుళ్ల బంతిలో మొట్టమొదటి ఆకు ముందు కూర్చోబెట్టాడు. జరీ పంచె ఒళ్లో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంగో ఓళిగ ఏసుకో మామా" అని వీరేష్ బొబ్బట్టు మీద నెయ్యి కారేలా వడ్డించాడు.

ఓబుళేసుకు చేయి ఆకు మీదికి పోలేదు. ఈ ఇంట్లో పెళ్లికైనా చావుకైనా బకెట్టు పట్టుకుని తిరిగిన మనిషి, ఎప్పుడూ కూర్చుని తిన్నది లేదు. కూర్చుని తినేవాడు చుట్టం. చుట్టమంటే చేయి కడుక్కుని, పోయొస్తామని చెప్పి బయల్దేరాలి. ఎక్కడికని బయల్దేరతాడు? అతనికి ఇంకో ఇల్లుంటే కదా.

లేచి నిలబడ్డాడు. అల్లుడు ఆకు ముట్టకుండా లేస్తే ఇంటికి తలవంపులు. గరిటెలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏం బావా, మర్యాదకేమన్నా తక్కువ చేస్తిమా?" ఈరన్న ముఖం పాలిపోయింది.

"ఎక్కువైందప్పా" అన్నాడు ఓబుళేసు. జరీ పంచెను ఆకు పక్కన పెట్టి, పక్కనే ఉన్న పులుసు బకెట్టు అందుకుని ఆడవాళ్ల బంతి వైపు పోయి వడ్డించసాగాడు. పులుసు సగం ఆకులో, సగం నేల మీద. అల్లుణ్ణి ఎవరేమంటారు?

బంతి చివర కూర్చున్నది ఈరన్న తల్లి లక్ష్మీనరసమ్మ. ఆ తరంలో మిగిలింది ఆమె ఒక్కతే, ఓబుళేసుకు పెద్దత్త. అల్లుడు ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునే పాతకాలపు మనిషి. రాప్పా, తినప్పా అని తప్ప ఇన్నేళ్లలో అతనితో గట్టిగా మాట్లాడి ఎరగదు. ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత మండపం దద్దరిల్లేలా అరిచింది.

"ఒరే ఓబుళేసుగా! కండ్లు యాడ పెట్టుకోనుండావురా? పులుసంతా నా చీర మింద పోస్తాండావు! ఇంత వయసొచ్చినా వడ్డించేది చాతకాదా నీకు?"

ఈరన్న పరుగున వచ్చాడు. "అమ్మా! అల్లుణ్ణి పట్టుకోని అట్లంటావేమి?"

"అల్లుణ్ణి యాడ తిట్టినాను? నా ఇంటోణ్ణి తిట్టినా. మీ చిన్నాయనకు కొరివి పెట్టినోణ్ణి తీసుకోనిపోయి చుట్టాల్లో కూర్చోబెడ్తివే, ముందు నిన్ను తిట్టాల. రేపు ఎర్రన్నకు వీడే పెడ్తాడు. నీ నడుముకుండే ఆ గుడ్డ విప్పి వీనికి కట్టు."

ఈరన్న తువ్వాలు విప్పి తనే కట్టాడు. "తెలీక చేస్తి బావా" అన్నాడు, కళ్లలోకి చూడలేక. ఓబుళేసుకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, రెండూ ఒకేసారి వచ్చాయో. తిట్టు ఇంత చల్లగా ఉంటుందని అతనికి అంతవరకూ తెలియదు.

"నిలబడి ఏడుస్తాండావేమిరా, సంగటి తేపో" అంది లక్ష్మీనరసమ్మ.

మర్నాడు పొద్దున స్నానం చేసి, తడిబట్టతోనే ఎర్రన్న ఆకు ముందు కూర్చున్నాడు ఓబుళేసు. సంగటి ముద్ద, మాంసం, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి, మారెక్క అందించిన చెంబుతో నీళ్లు వదిలాడు. బతికున్నన్నాళ్లూ మామా అనే పిలిచాడు. ఆ పొద్దు చేతులు జోడించి, "తిను నాయనా" అన్నాడు.