నా తుంటికి నేనే మట్టం చూసుకున్న వైనం

మేడంత యంత్రాన్ని, దాన్ని కనిపెట్టుకుని ఉండే ఆరేడుగురు సైంటిస్టుల్ని, వరండాలో వరసగా కూర్చున్న రోగుల్ని గంటకి పైగా కదలకుండా ఆపేసిన మొనగాణ్ణి నేను. నా ఆయుధాలు రెండే. ఒకటి సెలైన్ గొట్టం, రెండోది నీలం స్కెచ్ పెన్ను. నవ్వేవాళ్ళు కాస్త ఆగండి. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ అన్యాయం కూడా నాకే జరిగింది.

మాది డుంబ్రిగుడ దగ్గర కొండమీది ఊరు. బడికి మూడో తరగతి దాకా వెళ్ళాను. తరవాతి చదువంతా సంతలో బఠానీలు కట్టిచ్చిన కాగితాల మీద. అలా నేర్చిందే మట్టం చూసే విద్య. సన్నటి ప్లాస్టిక్ గొట్టం నిండా నీళ్ళు పోసి రెండు కొసలూ ఎత్తి పట్టుకుంటే, రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. గొట్టంలో గాలిబుడగ చిక్కితే మాత్రం మట్టం తప్పు చెబుతుంది. అంతే విద్య. దాంతోనే గెడ్డ, అంటే కొండవాగు, నీళ్ళని కొండ చుట్టూ తిప్పి మెట్ల మడుల్లోకి దించాను. పాడేరు నుంచి ఇంజనీర్లు వచ్చి నా కాలవ పక్కన ఫొటో దిగారు. జి.మాడుగుల దాకా నన్ను లెవెల్ సోమన్న అనేవారు.

అనేవారు. ఇప్పుడు మా వైపు ఎవరి నోట విన్నా ఒకటే పేరు: సుభద్ర.

సుభద్ర నాకు చెల్లెలి వరసయ్యే ఆవిడ కూతురు. నన్ను మావా అంటుంది. పట్నంలో ఒక ఆసుపత్రిలో ప్రోటాన్ కిరణాలతో కేన్సర్‌కి చికిత్స చేస్తారు. అక్కడి ఫిజిక్స్ బృందానికి ఆమె పెద్ద. కిరణం ఒంట్లో ఎక్కడ పడాలో డాక్టరు చెబుతాడు. అది సరిగ్గా అక్కడే, సరిగ్గా అంతే పడేలా లెక్క కట్టి, రోజూ యంత్రాన్ని పరీక్షించేది ఈ బృందం. సుభద్ర సరే అనందే యంత్రం నడవదు.

సంత దగ్గర ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫ్లెక్సీ కట్టిన స్తంభం కుడికి ఒరిగి ఉంది, ఆ సంగతి ఒక్కడికీ పట్టలేదు. పేపర్లో ఇంటర్వ్యూ కూడా వేశారు. మీకు స్ఫూర్తి ఎవరని అడిగితే పాడేరు బళ్ళో లెక్కల మాస్టారి పేరు చెప్పింది. అచ్చుతప్పుగానైనా నా పేరు పడిందేమోనని ఆ పేపరు పదకొండుసార్లు చదివాను. పడలేదు.

దీని వెనక ఒక పాత కథ ఉంది. నాకు మరుపు అనే సౌకర్యం లేదు. సుభద్ర ఆరో తరగతిలో ఉండగా వాళ్ళ మడికే కాలవ మట్టం చూస్తున్నాను. గట్టు మీద కూర్చుని సీతాఫలం తింటూ, "మావా, గొట్టంలో బుడగున్నాది" అంది.

"నోరు మూసుకుని పండు తిను" అన్నాను.

కాలవ తవ్వాం. నీళ్ళు వదిలాం. అవి మడి మొహం చూడకుండా వెనక్కి తిరిగి, పెళ్ళిలో అలిగిన చుట్టంలా గెడ్డలోకి వెళ్ళిపోయాయి. ఊరంతా నిలబడి చూసింది. ముప్ఫై ఏళ్ళయినా ఆ నీళ్ళ చప్పుడు నా చెవుల్లోనే ఉంది.

అలాంటి నాకు, దేవుడు మగవాళ్ళకి మాత్రమే పొత్తికడుపు అడుగున పెట్టిన ఆ గ్రంథిలో కేన్సర్ వచ్చింది. ఆ కబురు తట్టుకున్నాను. వైద్యానికి వెళ్ళాల్సింది ఆ సుభద్ర గుంట దగ్గరికేనన్న కబురుకి మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

సుభద్ర నన్నూ, నా భార్య చిలకమ్మనూ కూర్చోబెట్టి అంతా వివరించింది.

"మామూలు కిరణాలు వానలాంటివి మావా. దారిలో ఉన్నవన్నీ తడిపీసి అవతలికి పోతాయి. ప్రోటాన్లు నీ కాలవలాంటివి. ఏ మడికి పొమ్మంటే ఆ మడి దగ్గర ఆగిపోతాయి. వెనక మడికి సుక్క పోదు."

"కాలవ నాది గదా" అన్నాను.

"నీదే. అందుకే నీకు అలా సెప్పినాను."

మరి పేపరు వాళ్ళకి ఎందుకు చెప్పలేదని అడగబోయి మింగేశాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మర్నాడు యంత్రం గది తలుపు సందులోంచి చూశాను కదా, లోపల గాజు తొట్టి నిండా నీళ్ళు. రోగులు రాకముందు కిరణాన్ని ఆ నీళ్ళలోకి వదిలి ఎంత లోతున ఆగిందో కొలుస్తారట. తొట్టికి రసమట్టం పెట్టి, అందులో బుడగ నట్టనడుమకి వచ్చిందా లేదా అని నలుగురు చుట్టూ నిలబడ్డారు. సుభద్ర వేలు చూపిస్తుంటే వాళ్ళు రాసుకుంటున్నారు. నీళ్ళు, మట్టం, చుట్టూ జనం. అది నా పని. నేను బురదలో మోకాలి లోతున దిగి చేసిన పనికి వీళ్ళు చల్లటి గదిలో డాక్టరేట్లు పుచ్చుకున్నారు.

నా ఒంటికీ గుర్తులు పెట్టారు. బల్ల మీద పడుకోబెట్టి, గోడల నుంచి వచ్చే పచ్చటి లేజర్ గీతలు పడినచోట కుడి తుంటికొకటి, ఎడమ తుంటికొకటి, బొడ్డు కింద ఒకటి ఊదా సిరాతో గీశారు. రోజూ ఆ గుర్తుల మీద గీతలు పడేలా పడుకోబెడతారు. ఇంకో నియమం కూడా ఉంది. చికిత్సకి ముందు మూడు గ్లాసుల నీళ్ళు తాగి బిగబట్టుకోవాలి. మూత్రాశయం నిండుగా ఉంటేనే లోపలివన్నీ రోజూ ఉన్నచోట ఉంటాయట.

"గుర్తులు రుద్దకండి, చెరపకండి" అన్నారు. సరిచేయకండి అని మాత్రం ఎవరూ అనలేదు. ఈ మాట నేను ఏ కోర్టులోనైనా చెబుతాను.

ఆదివారం చికిత్స లేదు. లాడ్జి గదిలో స్నానం చేసి అద్దం ముందు నిలబడ్డాను. ఎడమ గుర్తు కిందికి ఉంది. ఇటు తిరిగి చూశాను, అటు తిరిగి చూశాను. కిందికే ఉంది. నాకు కలిగిన ఆనందం కేన్సర్ రోగికి కలగాల్సింది కాదు. ముప్ఫై ఏళ్ళకి సుభద్ర గొట్టంలో బుడగ దొరికింది.

మందుల షాపుకి పోయి సెలైన్ గొట్టం తెచ్చాను. చిలకమ్మ చర్చి నుంచి వచ్చేసరికి గొట్టం నిండా నీళ్ళతో, నడుముకి తువ్వాలుతో సిద్ధంగా ఉన్నాను.

"ఏటి సేత్తన్నావు?"

"ఈ కొస పట్టుకుని నా కుడి గుర్తుకి ఆనించు. మట్టం సూడాల."

"దేనికి?"

"నాకే."

చిలకమ్మ నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "నీకు బుద్ధి రావాలని ఇప్పుడే ప్రార్థన సేసొచ్చేను. ఇంకా అందినట్టు నేదు."

"మాటలాపి గొట్టం సూడు. బుడగుందా?"

"గొట్టంలో నేదు."

చూశాను. ఎడమ గుర్తు వేలి మందాన కిందికుంది.

"సూసినావు గదా, ఇక వొగ్గీ. రేపు ఆ పిల్లకి సెప్పు" అంది చిలకమ్మ.

"సెప్తే ఎవలికీ తెలీకుండా దిద్దుకుంటాది. అందరి ముందూ తేలాల."

కొబ్బరినూనెతో ఎడమ గుర్తు తుడిచేశాను. వేలి మందం పైన నీలం స్కెచ్ పెన్నుతో, స్కేలు పెట్టి, తిన్నగా కొత్తది గీశాను. ఎంత అందంగా వచ్చిందంటే, ఇంకొకరి తుంటి అయితే ఫ్రేము కట్టించేవాణ్ణి.

సోమవారం మూడు గ్లాసులకి బదులు ఉత్సాహం కొద్దీ నాలుగు తాగాను. బల్ల ఎక్కాను. ఇద్దరు టెక్నీషియన్లు లేజర్లు కలిపారు. కుడి కలిస్తే ఎడమ పోతోంది. ఎడమ కలిస్తే కుడి పోతోంది. ఎక్స్‌రే తీస్తే ఎముకలు మూడో మాట చెబుతున్నాయి.

"లేజర్ జరిగిందంటావా?" అంది వాళ్ళలో ఒకామె.

"శనివారం బాగానే ఉంది కదా" అన్నాడు రెండో అతను. ఫోనందుకుని సుభద్రని పిలిచాడు.

నేను పైకప్పు చూస్తూ లోలోపల పండగ చేసుకున్నాను. సుభద్ర వచ్చింది. వంగి నా ఎడమ తుంటి వైపు ఒక్క క్షణం చూసింది.

"యంత్రం ఆపండి. లేజర్లు, బల్ల, తొట్టి, అన్నీ మొదటి నుంచి చూడండి. అందాకా ఎవరికీ చికిత్స లేదు" అంది తన వాళ్ళతో. తరవాత నాతో, "మావా, నువ్వు బయట కూకో" అంది.

వరండాలో కూర్చున్నాను. అరగంట గడిచింది. సైంటిస్టులు రసమట్టాలతో లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. అది చూడడానికి ఎంతో బాగుంది. కానీ నాలుగో గ్లాసు కూడా దిగాల్సిన చోటికి దిగింది. గంట గడిచేసరికి నాలో వానాకాలం గెడ్డ పొంగుతోంది. కాలు మీద కాలు వేశాను. తీసి, రెండో కాలు వేశాను. కొండలన్నిటికీ నీళ్ళు తిప్పిన లెవెల్ సోమన్న, ఆ నాలుగు గ్లాసులు ఎటు తిప్పాలో తెలియక బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

పక్కన తల్లి ఒడిలో నాలుగేళ్ళ పాప ఉంది. చిన్నపిల్లలు కదలకుండా ఉండాలని మత్తిస్తారట. అందుకని పొద్దుటి నుంచి పాలు లేవు, నీళ్ళు లేవు. నా తరవాతి వంతు ఆ పాపదే. నేను నీళ్ళు తాగిన ఖాళీ సీసా నా చేతిలో చూసి, "అమ్మా, తాతకి నీళ్ళిచ్చారు, నాకివ్వలేదు" అని ఏడుపు ఎత్తుకుంది. తల్లి మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

ఆ ఏడుపుకి గుండె కరిగి లేచానని రాయాలని ఉంది. అది సగం నిజం. మిగతా సగం పొత్తికడుపుది.

లోపలికి వెళ్ళి సుభద్ర ముందు నిలబడ్డాను. "అమ్మీ, లేజర్ జరగలేదు. ఎడమ గుర్తు నేనే దిద్దేను."

"తెలుసు మావా."

"ఎలాగ?"

"మా సిరా ఊదా రంగు. ఇది నీలం. అదీ కాక, గీత ఇంత తిన్నగా గీసే మనిషి నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు."

ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసిన మెప్పు. అది వెనక ముడి ఊడిపోయిన ఆసుపత్రి గౌనులో, మోకాళ్ళు దగ్గరపెట్టుకుని నిలబడి ఉండగా దొరికింది.

"తెలిస్తే అప్పుడే నాతో అనీలేకపోయావా?"

"ఒకసారి అన్నాను గదా. నోరు మూసుకుని పండు తినమన్నావు."

అంటే ఆ గుంటకీ మరుపు లేదు. మా వంశంలోనే లేదు కాబోలు.

"మరి నేనే దిద్దేనని తెలిసీ ఇవన్నీ ఎందుకు సూడమన్నావు?"

"నువ్వు దిద్దేవని తెలిసింది. అంతమాత్రాన లేజర్ జరగలేదని తేలిపోద్దా? సూసుకోవాల గదా." ఆమె చేతిలో కాగితం చూపించింది. "ఇప్పుడే తేలింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ముందు పాపని తీసుకొస్తారు. పడుకోబెట్టి పెట్టిన గుర్తుని నువ్వు నిలబడి కొలిసేవు మావా. నిలబడితే సర్మం జారతాది, తుంటి ఒరుగుతాది. గొట్టం తప్పు సెప్పలేదు. నువ్వే కొండని జరిపీసి కొలిసేవు."

నేనైతే ఇంకోసారి చూసేవాణ్ణి కాదు. ఆ రోజు మడి గట్టు మీద చూడలేదు కూడా. ఇంకా నిలబడి ఆలోచించే స్థితిలో లేను కాబట్టి, దారి ఎటని అడిగి పరిగెత్తాను.

మళ్ళీ గుర్తులు పెట్టారు, చికిత్స పూర్తయింది, జబ్బు ప్రస్తుతానికి నోరెత్తడం లేదు. చివరి రోజు వీడ్కోలు చెప్పడానికి వెళితే, రోగిని బల్ల ఎక్కించే ముందు అడగాల్సిన ప్రశ్నల కాగితం గోడకి అంటించి ఉంది. చివర్న కొత్త ప్రశ్న చేర్చారు: "మీ గుర్తులను మీరే సరిచేసుకున్నారా?" ఆ ప్రశ్నని వాళ్ళు సోమన్న ప్రశ్న అంటారట. పేపర్లో పడని పేరు అలా గోడకెక్కింది.

సుభద్ర నన్ను తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి రసమట్టం చేతికిచ్చింది. "సూడు మావా."

నాలుగు అంచులా పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా దొరికినా నా జన్మ ధన్యమయ్యేది. బుడగ ప్రతిసారీ నట్టనడుమ నిలబడి నన్నే చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూశాను. అక్కడే ఉంది.

కాబట్టి మా గెడ్డల సాక్షిగా, సెలైన్ గొట్టం సాక్షిగా, నాలుగో గ్లాసు నీళ్ళ సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక మీదట కొండకి తప్ప ఒంటికి మట్టం చూడను, కొలిచేటప్పుడు కొండని జరపను, గట్టు మీద కూర్చుని సీతాఫలం తినే ఏ పిల్లనీ నోరు మూసుకోమనను. సంత దగ్గర ఒరిగిన ఆ ఫ్లెక్సీ స్తంభాన్ని మాత్రం ఊరికి రాగానే నేనే నిటారుగా నిలబెట్టాను. రెండుసార్లు మట్టం చూసి మరీ.