మరకలేని గుడ్డ

చదువుకున్న కోడలు బొడ్డుకి పసుపు పెట్టనివ్వలేదు, అందుకే పిల్లాడు దక్కలేదు. ఇది మా చుట్టాలందరూ చెప్పే కథ. అబద్ధం. పెట్టనిచ్చాను. మా అత్త రెండు పూటలా తన చేత్తోనే పెట్టింది, నేను పక్కన కూర్చుని చూశాను. ఆ పసుపు వాణ్ణి చంపలేదు, బతికించనూ లేదు. పద్దెనిమిదేళ్లుగా మొత్తుకుంటున్నాను. వినేవాళ్లకి పసుపు కథే బాగుంటుంది.

మా అత్త నాకు మేనత్తే, నాన్నకి అక్క. ఆమెదీ మేనరికం, నాదీ మేనరికం. మొదట ఆడపిల్ల పుట్టింది, ఏ లోటూ లేదు. రెండేళ్లకి పిల్లాడు. పదకొండో రోజు పురుడు చేశాం, బొడ్డు ఊడలేదు. ఆసుపత్రిలో వేసిన ప్లాస్టిక్ క్లిప్పు అలాగే వేలాడుతోంది. నెల దాటింది. చుట్టూ ఎర్రగా కంది, ముట్టుకుంటే కాలుతోంది. పోయిన మామయ్య పొందూరు పంచె చింపి అత్త మెత్తగా చుట్టేది. సాయంత్రం విప్పి, గుమ్మం దగ్గర వెలుతురులో పట్టుకునేది.

"సూడే, ఒక్క మరక నేదు. సీము పట్టని ఒళ్లు. మన రగతం మరి!"

నేనూ సంతోషించాను. ఇది మాత్రం ఒప్పుకోవాలి. నాది బి.ఎస్సీ. జువాలజీ. చీము అంటే క్రిములతో పోరాడి చచ్చిన తెల్లకణాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. పుండు ఉండి చీము లేదంటే, పోరాడటానికి అక్కడికి ఎవరూ రాలేదని కదా! నాకు తట్టలేదు.

శ్రీకాకుళంలో రక్తం పరీక్ష చేస్తే తెల్లకణాలు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లున్నాయి. ఒళ్లు బాగా పోరాడుతోందన్నాడు డాక్టరు. ఆ తర్వాత జబ్బు చెవికి పాకింది, ఆ తర్వాత ఊపిరితిత్తులకి. చివరికి విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. కణాలు రక్తనాళం గోడకి అతుక్కుని, అక్కణ్ణించి పుండులోకి దూరాలి. వీడి కణాలకి పుట్టుకతోనే ఆ పట్టు లేదు. ఇంటికొచ్చి అత్తకి నా మాటల్లో చెప్పాను: పాతపట్నం బస్సు నిండా జనమే, కానీ మన స్టేజీలో దిగేవాడు ఒక్కడూ లేడు.

"తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే వస్తుంది. మీరిద్దరూ చుట్టాలా?" అని ఆ రోజే అడిగింది డాక్టరమ్మ. మేనత్త కొడుకే అన్నాను. ఎముక మూలుగ మార్పిడి ఒక్కటే దారి అంది. వాడి అక్కది సరిపోలేదు. ఇంకెవరిదైనా వెతికేలోపు, ఏడో నెలలో పిల్లాడు పోయాడు.

ఆ అక్కకి ఇప్పుడు ఇరవై. దాన్ని మా అన్న కొడుక్కి చేద్దామని పోయిన నెల అత్త మొదలుపెట్టింది.

"ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటాది. తప్పేటి?"

"ముందు ఇద్దరికీ రక్తం పరీక్ష చేయిద్దాం అత్తా."

"నీకు అన్నిటికీ పరీచ్చలే. ఆనాడు పసుపు పెట్టనిచ్చుంటే..."

"పెట్టింది నువ్వే కదా!"

"పెట్టినాను. నీ మొకం సూసి అదీ పన్జెయ్యనేదు."

పిల్లకీ బావంటే ఇష్టమే. నా భయమంతా అదే.

ఆ కోపంలోనే నాకు పాత మాటొకటి గుర్తొచ్చింది. ఆ రోజుల్లో గుడ్డ మడతపెడుతూ, ఎవరూ అడక్కుండానే అత్త అంది: "నెల దాటినా ఊడతాదిలే, నాను సూసినాను." ఎవరికి చూసింది? మా ఆయన కన్నా ముందు ఆమెకొక మగపిల్లాడు పుట్టి, ఏడాది నిండకుండానే పోయాడు. ఎలా పోయాడంటే "జరం" అంటుంది, అంతే. ఈసారి మొహం మీదే అడిగాను. కొంగు దులుపుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. పెళ్లి మాట మాత్రం మా అన్నతో ఫోన్లో నడుస్తూనే ఉంది.

ఆమెకి ఎనభై దాటాయి. ఈ జవాబు ఇంకెవరి దగ్గరా లేదు. అత్తా, నీ మొదటి బిడ్డకి బొడ్డు ఎన్నో రోజున ఊడింది? ఆ గుడ్డ మీదా మరక లేదా?